గోడలోని తప్పు

(చదువవలసిన భాగములు: లేవీయకాండము 14:33–48, ద్వితీయోపదేశకాండము 19:1–10, 22:8, లూకా 19:1–10)



తప్పులు చేసినవాడే పని నేర్చుకొనునని మన పల్లెలలో పెద్దలు చెప్పుదురు. అనేక పనులలో ఈ మాట నిజమే. కుమ్మరి సారెమీద కుండ వంకరపోయినచో, అతడు ఆ మట్టినే మరల ముద్దచేసి తిప్పును. దర్జీ కత్తెర దారి తప్పినచో, పెద్దవానికి కావలసిన చొక్కా చిన్నవానికి చొక్కా యగును. కూరలో ఉప్పు హెచ్చినచో ఆ పూటనే ఇంటిల్లిపాదికి తెలియును. మరునాడు వండిన చేయి జాగ్రత్తపడును. ఈ పనులలో తప్పు వెంటనే కంటికి కనబడును. నష్టములో పెద్ద పాలు తప్పు చేసినవానికే వచ్చును. అందుచేత ఆ తప్పే వానికి పాఠము చెప్పును.

కాని యింటిలో కరెంటు వైరింగు చేయుపని అట్టిది కాదు. అక్కడ జరిగిన తప్పు గోడలో, పైపు లోపల, సిమెంటు పూత క్రింద ఉండిపోవును. పైన సున్నము వేయుదురు. దీపము వెలుగును, ఫ్యాను తిరుగును, ఇంటివారు సంతోషించి కూలి యిచ్చి పంపుదురు. పని చేసినవాడు తాను తప్పు చేసితినని ఎరుగడు. దాని వెల చెల్లించువారు వేరొకరు. పది యేండ్ల తరువాత బల్బు మార్చుటకు స్టూలెక్కిన పిల్లవాడు చెల్లించును. తడి చేతితో గ్రైండరు ముట్టిన తల్లి చెల్లించును.

కాబట్టి ఈ నెల మనమొక ప్రశ్నను ధ్యానింతము. తప్పు ఒకరిది, దెబ్బ మరియొకరిది అయినప్పుడు, తప్పు చేసినవాడు దానినుండి నేర్చుకొనెనని ఎప్పుడు చెప్పవచ్చును? ఇకమీదట సరిగా చేసిన చాలునా? లేక మునుపు చేసినదానికి అతడు ఇంకేమైన ఋణపడి యున్నాడా? కరెంటు పని చేయువారు మన సంఘములలో అనేకులు కలరు గనుక ఈ ప్రశ్న వారికి కావలెను. అయితే చదువుచుండగా ఇది మనయందరి ప్రశ్నయని మీకే తెలియును.

1. వెలుగుచున్న దీపము చాలిన సాక్ష్యము కాదు

మొదట ఆ పనిలోని తప్పులు ఎట్టివో కొంచెము తెలిసికొందము. మన యిండ్లకు వచ్చు కరెంటు 230 వోల్టులది. దానిని తెచ్చు తీగ ఫేజు. దానిని ముట్టినవాని ప్రాణమునకు అపాయము. కరెంటు తిరిగిపోవు దారి న్యూట్రల్ తీగ. స్విచ్చి ఎల్లప్పుడు ఫేజు తీగలోనే ఉండవలెను. పొరబాటున న్యూట్రల్ తీగలో ఉంచినయెడల ఏమగును? స్విచ్చి వేసినప్పుడు దీపము వెలుగును, తీసినప్పుడు ఆరిపోవును. చూచువారికి ఏ భేదమును కనబడదు. అయితే దీపము ఆరియున్నను ఫేజు హోల్డరువరకు వచ్చి అక్కడనే నిలిచియుండును. స్విచ్చి తీసితిని గదా అని ధైర్యముతో హోల్డరులో వ్రేలు తగిలించినవానికి షాకు తప్పదు.

1956 నాటి భారత విద్యుత్ నియమములలోనే, న్యూట్రల్ తీగలో మాత్రము ఒంటరిగా స్విచ్చిగాని ఫ్యూజుగాని ఉంచరాదని వ్రాయబడినది. నియమమున్నను తప్పు జరుగుచునే యున్నది. ఏలయనగా ఆ తప్పు దీపమును ఆర్పదు. ఈ దినములలోని ఎల్.ఇ.డి. బల్బులు మాత్రము ఒక్కొక్కప్పుడు గుట్టు బయట పెట్టును. స్విచ్చి తీసిన తరువాతను అవి చీకటిలో సన్నగా మిణుకుమనుచుండును. దానికి వేరు కారణములును ఉండవచ్చును గాని, న్యూట్రల్‌లో ఉంచిన స్విచ్చి ఆ కారణములలో ఒకటి. అనేకులు దానిని చూచి బల్బు మంచిది కాదని బల్బును మార్చుదురు.

రెండవ తప్పు ఎర్తును గూర్చినది. ఇంటి ప్రక్కను గొయ్యి త్రవ్వి, బొగ్గును ఉప్పును వేసి పైపు పాతి, దానినుండి మూడవ తీగను ఇంటిలోనికి తేవలెను. గ్రైండరు, కూలరు, ఇస్త్రీపెట్టె వంటి లోహపు వస్తువులకు లోపల ఫేజు తగిలినప్పుడు, ఈ తీగగుండ కరెంటు నేలలోనికి పోయి ఫ్యూజు ఎగిరిపోవును, మనిషి బ్రతుకును. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను తక్కినవాటికంటె పొడవుగా ఎందుకున్నదో మీరెప్పుడైన గమనించితిరా? పెట్టునప్పుడు అందరికంటె ముందు తగులుటకును, తీయునప్పుడు అందరికంటె వెనుక విడుచుటకును అది అట్లు చేయబడినది. అయితే గొయ్యి త్రవ్వుటకు ఖర్చగునని కొందరు సాకెట్టులోనే ఒక చిన్న తీగతో న్యూట్రల్‌ను ఎర్తు రంధ్రమునకు కలుపుదురు. గ్రైండరు చక్కగా తిరుగును. ఎక్కడనైన న్యూట్రల్ తీగ తెగినదా, ఆ యింటిలో ఏదైన ఒక వస్తువు స్విచ్చి వేసియున్నచో చాలును, గ్రైండరు ఒడలంతయు ఫేజు అగును.

మూడవ తప్పు మనలో అనేకులు చేతులార చేయునది. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని విసిగి అందులో లావు తీగ చుట్టుదుము. తీగలో కరెంటు రెండింతలైనచో వేడి నాలుగింతలగును, మూడింతలైనచో తొమ్మిదింతలగును. ఈ సంగతిని ఇంగ్లండు దేశస్థుడైన జేమ్స్ జూల్ 1841లో ప్రకటించెను. ఆ వేడి గోడలోని తీగను కాల్చకమునుపే తాను కరిగి తెగిపోవుటకు ఫ్యూజు నియమింపబడినది. లావు తీగ చుట్టిన తరువాత ఫ్యూజు పోదు. బాగైనదని సంతోషింతుము. నిజమునకు కావలివాని నోరు కట్టి నిద్రపోవుచున్నాము.

ఈ మూడింటిలోను ఒకే సంగతి కనబడుచున్నది. పని జరుగుచున్నది గనుక తప్పు లేదని మనము తీర్మానించుచున్నాము. మన నడతలోను ఇట్టివి కలవు. తండ్రి కోపమునకు భయపడి పిల్లలు నోరెత్తకుండ తిరుగుదురు. ఇల్లు నెమ్మదిగా నున్నది గనుక తన పెంపకము మంచిదని అతడు అనుకొనును. పిల్లల హృదయములలో ఏ తీగ కాలుచున్నదో అతనికి తెలియదు. తప్పు తనంతట తానే పాఠము చెప్పునని ఎదురుచూచువారు అది మాటలాడువరకు ఎదురుచూడవలసి వచ్చును. అప్పటికి చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లగును.

2. నేర్చుకొనుటకైన ఖర్చు ఎవరిది?

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో చార్లెస్ డాల్జీల్ అను అధ్యాపకుడు మనుష్యదేహముమీద కరెంటు ఎట్లు పనిచేయునో అనేక సంవత్సరములు పరిశోధించెను. తీగ పట్టుకొన్నవాడు దానిని ఎందుకు విడువలేడని ఆయన కొలిచి చూచెను. పురుషులకు సగటున 16 మిల్లీ ఆంపియర్లు, స్త్రీలకు 10.5 మిల్లీ ఆంపియర్లు దాటినచో కండరములు బిగిసి చేయి విడుపడదని ఆయన కనుగొనెను. మన పాత 40 వాట్ల బల్బులో పారు కరెంటు దాదాపు 170 మిల్లీ ఆంపియర్లు. ఒక చిన్న దీపమును వెలిగించునది మనిషిని పట్టుకొని విడువకుండుటకు కావలసినదానికంటె పదింతలు హెచ్చు. ఆ అధ్యాపకుడే 1961లో ఒక పరికరమును కనిపెట్టెను. వెళ్లిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానముగా లేనియెడల అది రెప్పపాటులో లైనును తెంచివేయును. మన దేశములో ఆర్.సి.సి.బి. అని అమ్మునది ఆ జాతిదే. యిండ్లలో మనుష్యుల రక్షణకు సాధారణముగా పెట్టునది 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే తెగిపోవును.

ఈ లెక్కలు చెప్పుటకు కారణమున్నది. తప్పు చేసి నేర్చుకొందునని చెప్పువానికి కరెంటు రెండవ అవకాశము ఇచ్చుట అరుదు. మరియు ఆ అవకాశము పోవునది అతనిది కాదు, ఆ యింటిలోనివారిది. తన పాఠమునకు పొరుగువాని పిల్లవానిని జీతముగా చెల్లించుటకు ఎవనికి అధికారమున్నది?

పని నేర్చుకొను కుర్రవాడు తప్పు చేయక మానడు. అతని తప్పులు నిందార్హములని నేను చెప్పుటలేదు. అవి ఎక్కడ, ఎప్పుడు జరుగవలెనన్నదే నా మాట. అవి మేస్త్రీ కంటి యెదుట, గోడ పూయకమునుపు, కరెంటు ఇయ్యకమునుపు జరుగవలెను. అప్పుడు విప్పి మరల కట్టుటకు అరగంట చాలును. అందుకే మంచి పనివాడు మెయిను వేయకముందు మెగ్గరుతో తీగలను పరీక్షించును. ఎర్తు ఉన్నదో లేదో చూచును. ఏ స్విచ్చి ఏ తీగలో ఉన్నదో ఒక్కొక్కటి చూచును. అతడు తన పనిని నమ్మనందున అట్లు చేయడు. తానును పొరబడగలనని ఎరిగియున్నందున చేయును.

మోషే ధర్మశాస్త్రములో క్రొత్త యిల్లు కట్టువానికి ఒక ఆజ్ఞ కలదు. మిద్దెమీదనుండి ఎవడైన పడి చచ్చినయెడల ఆ రక్తాపరాధము ఇంటిమీదికి రాకుండ మిద్దెకు చుట్టు పిట్టగోడ కట్టవలెనని దేవుడు సెలవిచ్చెను. ఒకడు పడిన తరువాత కట్టుమని ఆయన చెప్పలేదు. ఇల్లు క్రొత్తగా నున్నప్పుడే, ఎవరును పడకముందే కట్టవలెను. ఇంకను పడని మనిషిని గూర్చి, బహుశః ఇంకను పుట్టని పిల్లవానిని గూర్చి దేవుడు ఇల్లు కట్టువానితో మాటలాడుచున్నాడు. పొరుగువానిని ప్రేమించవలెనను ఆజ్ఞ మేస్త్రీ తాపీలోనికి, వైర్‌మన్ కటింగ్‌ప్లేయరులోనికి దిగివచ్చుట ఇదే.

3. గోడను తెరచుట

దాగిన తప్పును గూర్చి లేవీయకాండము 14వ అధ్యాయములో ఒక వింతయైన విధి కనబడును. ఇంటి గోడలో పొడ వంటిది కనబడినయెడల ఆ యింటి యజమానుడే యాజకునియొద్దకు పోయి చెప్పవలెను. యాజకుడు ఇల్లు ఖాళీ చేయించి, లోపల చూచి, ఏడు దినములు మూసివేయించును. మరల వచ్చి చూచినప్పుడు పొడ వ్యాపించియున్నయెడల ఆ రాళ్లను ఊడదీయించును, ఇల్లంతయు లోపల గీకించును, వేరు రాళ్లు పెట్టించి వేరు అడుసు పూయించును. అంతటితో పోక అది మరల వచ్చినయెడల ఇల్లే పడగొట్టవలెను.

చెడినదానిమీద క్రొత్త పూత పూయుటకు అక్కడ సెలవు లేదు. మొదట ఊడదీయవలెను, తరువాతనే పూయవలెను. మరియు ఆ విధి ఆరంభమగునది యజమానుని నోటి మాటతో. తన యింటిలో ఏదో కనబడుచున్నదని అతడే నడిచి వెళ్లి చెప్పవలెను. అతడు చెప్పనియెడల యాజకునికి తెలియదు.

గోడ కొట్టించుట ఎవరికి ఇష్టము? రంగు పాడగును, దుమ్ము రేగును, చుట్టములు అడుగుదురు. కరెంటు పనిలో ఒక అతుకు వదులుగా నున్నదనుకొనుడి. తీగలను మెలిపెట్టి టేపు చుట్టి పైపులోనికి త్రోసివేసిన అతుకది. దానిలో వేడి పుట్టుచుండును, టేపు ఎండి రాలుచుండును. దానిని సరిచేయుటకు వేరు దారి లేదు. చోటు కనుగొని, తెరచి, అతుకు విప్పి, పెట్టెలో సరియైన కనెక్టరుతో బిగించి, మరల ఎప్పుడైన చూచుటకు వీలుగా మూత పెట్టవలెను. మూత పెట్టుటకును పూత పూయుటకును ఎంత భేదము! మూత తీయవచ్చును. తన పని మరియొకడు తెరచి చూచుటకు వీలుగా చేసిపెట్టువాడు సగము నేర్చుకొన్నవాడు.

4. వెనుకటి యిండ్లు

ఇప్పుడు మన ప్రశ్నలోని కష్టమైన భాగమునకు వత్తము. ఒక వైర్‌మన్‌ను తలంచుకొందము. అతడు ఇరువది యేండ్లుగా పని చేయుచున్నాడు. మేస్త్రీ ఎట్లు చూపెనో అట్లే చేయుచు వచ్చెను. ఒక దినమున పర్మిట్టు పరీక్షకు చదువుచు, తాను ఇన్నాళ్లు స్విచ్చిలను ఏ తీగలో పెట్టుచు వచ్చెనో గ్రహించెను. మరునాటినుండి సరిగా చేయుచున్నాడు. అతడు నేర్చుకొనెనని లోకము చెప్పును. అయితే మునుపు అతడు పనిచేసిన యిండ్లలో ఈ రాత్రికూడ ఆరిన దీపముల హోల్డరులలో ఫేజు నిలిచియున్నది. ఆ యిండ్లవారికి అతని చదువు వలన కలిగిన మేలేమి?

అతని మనస్సు నాలుగు మాటలు చెప్పును. వాటిని త్రోసివేయక, ఒక్కొక్కటి విందము.

తెలియక చేసితినని మొదటి మాట. అది నిజమే. తెలియక చేసినదానిని దేవుడు తెలిసి చేసినదానితో సమానముగా ఎంచలేదు. అయితే లేవీయకాండము 4వ అధ్యాయములో పొరబాటున చేసిన పాపమునకును అర్పణ నియమింపబడినది. ఆ పాపము వానికి తెలియబడినప్పుడు వాడు అర్పణ తేవలెనని యున్నది. తెలియని దినములకు లెక్క వేరు. తెలిసిన దినముననే బాధ్యత పుట్టుచున్నది. నిన్నటివరకు అతడు పొరబడినవాడు. నేడు చెప్పక ఊరకున్నయెడల దాచినవాడగును.

ఇన్నాళ్లు ఎవరికి ఏమియు కాలేదని రెండవ మాట. నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడుచు ఎద్దును గూర్చిన న్యాయము కలదు. అది మునుపు పొడుచునదని యజమానునికి తెలియజేయబడినను అతడు దానిని కట్టివేయనియెడల, తరువాత కలిగిన చావుకు అతడు ఉత్తరవాది. అంతకుముందు తెలియనప్పుడు అతడు నిరపరాధి. ఎద్దు అదే, కొమ్ములు అవే. యజమానుని తెలివి మారినందున న్యాయము మారెను. ఇన్నాళ్లు ఎవరును పడకపోవుట పిట్టగోడ అక్కరలేదనుటకు రుజువు కాదు.

వెళ్లి చెప్పినచో నా పేరు పోవును, పని ఇచ్చువారుండరు, నా పిల్లలు ఏమి తిందురని మూడవ మాట. సహోదరులారా, ఈ మాటను తేలికగా తీసివేయుటకు నాకు ధైర్యము చాలదు. దినకూలిమీద బ్రతుకువానికి పేరే పెట్టుబడి. నెల జీతము వచ్చువాడు పీఠమెక్కి నిజము చెప్పుమని బోధించుట సులభము. అయినను ఒక తక్కెడను చూడవలెను. ఒక తట్టలో అతని పేరు ఉన్నది. మరియొక తట్టలో స్టూలెక్కు పిల్లవాని ప్రాణమున్నది. ఆ పిల్లవానికి తన ప్రాణము తట్టలో నున్నదని కూడ తెలియదు. తెలిసినవాడు ఒక్కడే. కాబట్టి తూచవలసిన భారము అతనిదే.

అతడు ఒక్క దినములో అన్ని యిండ్లు సరిచేయనక్కరలేదు, చేయలేడు. అపాయము హెచ్చుగా నున్నచోట ఆరంభింపవలెను: స్నానపు గది, వసారా, పిల్లలున్న యిల్లు, ఎర్తు లేని గ్రైండరు ఉన్న యిల్లు. వారమునకు ఒక్క యిల్లయినను చాలును. ఉచితముగా మార్చుటకు శక్తి లేకపోయినచో, వెళ్లి చెప్పుటకు శక్తి కలదు. మీ స్విచ్చిలు ఒకసారి చూడవలెను, అంతవరకు మెయిను తీయక బల్బు ముట్టకుడని చెప్పుటకు డబ్బు కాదు, నోరు కావలెను. విని ఇంటివారు వద్దన్నచో, ఇక వారును ఎద్దును గూర్చి వినిన యజమానుని వలె నుందురు.

దేవుడు నన్ను క్షమించెను గదా అని నాలుగవ మాట. ఇది మన సంఘములలో హెచ్చుగా వినబడు మాట గనుక జాగ్రత్తగా వినవలెను. దేవుడు క్షమించును, అందులో సందేహము లేదు. అయితే క్షమాపణ గోడలోని తీగలను మార్చదు. ఆదివారమున మోకాళ్లూని కన్నీటితో ప్రార్థించి వచ్చినను ఆ హోల్డరులో ఫేజు అట్లే యుండును. జక్కయ్యను జ్ఞాపకము చేసికొనుడి. ప్రభువు తన యింటికి వచ్చినందుకు సంతోషించి అతడు ఊరకుండలేదు. లేచి నిలిచి, ఎవరియొద్దనైన అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగంతలు తిరిగి యిచ్చెదనని చెప్పెను. యెరికో పట్టణములో అతడు ఎన్ని వాకిళ్లు తట్టవలసి వచ్చెనో ఆలోచించుడి. తెలియక పొరబడిన వైర్‌మన్ జక్కయ్యవలె దోచుకొన్నవాడు కాడు. అతనిని అట్లు పోల్చను. కాని కృప తాకినవాడు వెనుకటి యిండ్లకు తిరిగి నడుచునని ఇద్దరికిని ఒకే పాఠము.

ఇది పల్లెటూరి పనివాని సంగతి మాత్రమే అని ఎవరును అనుకొనకుందురు గాక. చదువును ధనమును గల గొప్ప దేశమునకును ఇట్టి దినము వచ్చెను. 1965 మొదలు 1973 వరకు అమెరికాలో రాగి ఖరీదు పెరిగినందున సుమారు 20 లక్షల యిండ్లకు అల్యూమినియము తీగలతో వైరింగు చేసిరి. తీగ కరెంటును చక్కగా మోసెను. తప్పు అతుకులలో దాగియుండెను. అల్యూమినియము మెత్తనిది, వేడికి రాగికంటె హెచ్చుగా సాగును, మరచీల క్రింద క్రమముగా వదులగును, దాని పైపొర గాలికి మారి కరెంటును అడ్డగించును. అందుచేత అతుకులు కాగజొచ్చెను. 1974 ఏప్రిల్ 28న న్యూయార్కు రాష్ట్రములోని హాంప్టన్ బేస్ అను ఊరిలో ఒక యిల్లు కాలి ఇద్దరు చనిపోయిరి. సాకెట్టునొద్ద అల్యూమినియము తీగ అతుకు చెడినందున మంట పుట్టెనని అగ్నిమాపక అధికారులు తేల్చిరి. తరువాత ఆ దేశములోని వినియోగ వస్తువుల భద్రతా సంఘము ఇంటివారిని హెచ్చరించి, ప్రతి అతుకును తెరచి సరిచేయు పద్ధతులను ప్రకటించెను. క్రొత్త యిండ్లకు రాగి వాడిన చాలునని వారు ఊరకుండలేదు. కట్టి ముగించిన యిండ్లలోని పాత అతుకులను గూర్చియు ఆలోచించిరి. మన దేశములోని పాత యిండ్లలోను అల్యూమినియము తీగలు కలవు. క్రొత్తగా రాగి తీగను వాటికి ఊరక మెలిపెట్టి అతికించుట మనమును మానవలెను.

5. తప్పు చెప్పుకొనువానికి వాకిలి తెరచియున్నదా?

ఇంతవరకు పనివానితో మాటలాడితిమి. ఇప్పుడు పని చేయించుకొనువారితో, అనగా మనయందరితో, రెండు మాటలు.

ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయములో ఒకడు పొరుగువానితో కూడ కట్టెలు నరుకుటకు అడవికి వెళ్లును. గొడ్డలి ఎత్తగా ఇనుము పిడినుండి ఊడి పొరుగువానికి తగిలి వాడు చచ్చును. అట్టివాడు పారిపోయి బ్రతుకుటకు దేవుడు ఆశ్రయపురములను ఏర్పరచెను. ఇది పనిలో జరిగిన ప్రమాదము, ద్వేషము లేదు. యెహోషువ 20వ అధ్యాయము ఇంకొక సంగతి తెలుపుచున్నది: అతడు ఆ పురద్వారమునొద్ద నిలిచి పెద్దలకు తన సంగతి చెప్పవలెను, అప్పుడు వారు అతనిని చేర్చుకొని చోటు ఇయ్యవలెను. చెప్పుట అతని వంతు, చేర్చుకొనుట పెద్దల వంతు.

ఇప్పుడు ఒక వైర్‌మన్ మన వాకిట నిలిచి, అయ్యా, ఆరేండ్ల క్రిందట మీ యింటిలో నేను పెట్టిన స్విచ్చి తప్పు, సరిచేయుటకు వచ్చితినని చెప్పినయెడల మనమేమి చేయుదుము? తిట్టి పంపుదుమా? టీకొట్టునొద్ద కూర్చుండి వాని పేరు ఊరంతయు చాటుదుమా? అట్లు చేసినయెడల ఇక ఎవడును మన వాకిటికి రాడు. ఊరిలోని తప్పులన్నియు గోడలలోనే నిలిచియుండును, వాటి క్రింద మన పిల్లలు నిద్రింతురు. నిజము చెప్పిన పనివానిని కూర్చుండబెట్టి మజ్జిగ యిచ్చి, తీగ ఖర్చులో పాలు పంచుకొని, ఇతడు నమ్మదగినవాడని నలుగురికి చెప్పు ఇల్లు ఆ దినమున ఆశ్రయపురమగును. అతని మూడవ మాటకు, అనగా పిల్లలు ఏమి తిందురను మాటకు, ఉత్తరము ఇయ్యవలసినది సంఘమే.

మరియు తప్పంతయు పనివానిదే అని చెప్పుటకు మనకు వీలులేదు. ఎర్తు ఎందుకు దండుగ అని చెప్పినది ఎవరు? ఐ.ఎస్.ఐ. గుర్తు లేని సన్నని తీగను చౌకగా కొని తెచ్చినది ఎవరు? పర్మిట్టు గలవాడు నూరు రూపాయలు హెచ్చు అడిగెనని, నేర్చుకొనుచున్న కుర్రవానిని పిలిచినది ఎవరు? క్రిస్మసు దినములలో నక్షత్రము కట్టునప్పుడు ప్లగ్గు లేక రెండు తీగల కొనలను సాకెట్టులో దూర్చి, ఊడకుండ అగ్గిపుల్లలు గుచ్చుచున్నది ఎవరు? రక్షకుని జననమును చాటు నక్షత్రము క్రింద ఆ తీగలు పిల్లల చేతికి అందునట్లు వ్రేలాడుచుండును. గొయ్యి త్రవ్వి కప్పకుండ విడిచినవాడు అందులో పడిన పశువుకు వెల యియ్యవలెనని ధర్మశాస్త్రము చెప్పుచున్నది. గొయ్యి త్రవ్వించినవాడును త్రవ్వినవానితో కూడ నిలువవలెను గదా.

ముగింపు

కాబట్టి ప్రియులారా, మొదట అడిగిన ప్రశ్నకు ఇట్లు ఉత్తరము చెప్పవచ్చును. తప్పు తనంతట తాను ఎవరికిని బోధింపదు. తాను పొరబడగలనని ఒప్పుకొని ముందే పరీక్షించువాడు నేర్చుకొనుచున్నాడు. కనబడినదానిని పూత పూయక తెరచువాడు మరికొంత నేర్చుకొనెను. తెలిసిన తరువాత వెనుకటి యిండ్లకు తిరిగి వెళ్లువాడు, తన శిష్యులకు నేను ఇట్లు తప్పితిని, మీరు ఇట్లు చేయకుడని చెప్పువాడు పూర్తిగా నేర్చుకొనెను. ముందున్న దారిని మాత్రమే సరిచేసికొనువానికి తెలివి కలిగినది. వెనుకకు నడచువానికి ప్రేమ కలిగినది.

ఈ నెలలో ప్రతి కుటుంబము ఒక పని చేయుదురు గాక. పర్మిట్టు గల పనివానిని పిలిచి మీ యింటి స్విచ్చిలు, ఎర్తు, ఫ్యూజులు చూపించుకొనుడి. పని తెలియనివారు మీ అంతట మీరు బోర్డులు విప్పకుడి. సంఘ పెద్దలు మన ఆలయములోని బోర్డులను క్రిస్మసుకు ముందే చూపింతురు గాక. కరెంటు పని చేయు సహోదరులు ఒక సాయంకాలము ఒంటరిగా కూర్చుండి, తాము మునుపు పనిచేసిన యిండ్లను ఒక్కొక్కటిగా తలంచుకొందురు గాక. తక్కిన మనమును, పంతులమైనను, తల్లిదండ్రులమైనను, వర్తకులమైనను, కాపరులమైనను, మనము పూత పూసి విడిచివచ్చిన గోడలను తలంచుకొందము. ఏ వాకిలి మొదట తట్టవలెనో ప్రభువు చూపును. తట్టుటకు ధైర్యమును, తెరచువారికి దయను ఆయనే అనుగ్రహించును గాక. ఆమేన్.